రాళ్ళు కడిగిన రోజు

కిందటి వారం పార్వతీదేవిని నౌపడలో ఓ అద్దెగది గుమ్మంలో నిలబెట్టి వచ్చేశాం. ఆమె భర్త జగన్నాధం పోయి అప్పటికి నలభై రోజులు. ఉప్పు వ్యాపారం పనిమీద నాలుగేళ్ళుగా ప్రతి ఆదివారం నౌపడ వెళ్ళే మనిషి, అక్కడొక గది తీసుకున్న సంగతి భార్యకు ఏనాడూ చెప్పలేదు. తాళం తీసి చూస్తే ఆ గదిలో బస్తాలు లేవు, కాటా లేదు. బల్ల మీద రెండడుగుల గాజుతొట్టె, దాన్నిండా ఉప్పునీళ్ళు, అందులో తెల్లపట్టీల నారింజరంగు చేపలు రెండు. మనిషి పోయి నలభై రోజులైనా నీళ్ళు తేటగా ఉన్నాయి, చేపలు హాయిగా తిరుగుతున్నాయి. ఎవరు చూసుకుంటున్నారని ఇంటామె కూర్మమ్మను అడిగితే, "నాను సెప్పకూడదమ్మా, ఒట్టేసినాను" అని తలుపేసుకుంది.

చేపలను అక్కడ వదిలి రావడానికి పార్వతికి మనసొప్పలేదు. ఆయన ప్రాణం పెట్టి పెంచినవి అవే అయితే, ఆయన ఎవరో తెలుసుకోవడానికి తనకు మిగిలినవీ అవే అనుకుంది. విజయనగరంలో చేపల కొట్టు నడిపే పైడిరాజును పిలిపించి, తొట్టెను, రాళ్ళను, డబ్బాల్లో పట్టిన పాత నీళ్ళను వ్యాన్‌లో ఇంటికి తెప్పించింది.

పైడిరాజు తొట్టెను ఎండపడని గోడ పక్కన, కదలని బల్ల మీద పెట్టాడు. అడుగున ఇసుక పరిచి, దానిమీద రాళ్ళు పేర్చి, తెచ్చిన పాత నీళ్ళు పోసి, తగ్గిన మేరకు కొత్త నీళ్ళు కలిపాడు. పార్వతి వంటింట్లోంచి ఉప్పు డబ్బా తీసుకొచ్చింది.

"అమ్మమ్మమ్మ, అది ఒక్క సెంచాడు కూడా పడకూడదమ్మా!"

"అదేటి? ఉప్పునీళ్ళే కదా పైడిరాజూ. మా గోడౌను నిండా ఉప్పే."

"అది కూరలోకమ్మా. దీనికి సముద్రంలో ఉన్న సరుకులన్నీ కలిపిన ఉప్పు వేరేగా పేకెట్లో వస్తాది. ఇంకో మాట. ఈ గాజు మీద గీత గీసినాను, సూడండి. నీళ్ళు ఆవిరైపోతాయి గాని ఉప్పు ఎక్కడికీ పోదు. గీత దిగినప్పుడల్లా ఉత్త మంచినీళ్ళే పొయ్యాల. మళ్ళా ఉప్పునీళ్ళు పోస్తే రోజురోజుకీ ఉప్పెక్కువైపోయి సేపలు సచ్చిపోతాయి. కుళాయి నీళ్ళు వొద్దు, ఫిల్టరు డబ్బా నీళ్ళే."

రోజుకు రెండుసార్లు చిటికెడు మేత వేయమన్నాడు. వారానికోసారి పదోవంతు నీళ్ళు తీసి కొత్త ఉప్పునీళ్ళు పోయమన్నాడు. చిన్న సీసాలో నాలుగు చుక్కల మందు వేసి నీళ్ళను పరీక్షించడం నేర్పాడు. పసుపు రంగు ఉంటే మంచిది, ఆకుపచ్చకు తిరిగితే నీళ్ళలో విషం పెరిగినట్టు. పార్వతి వినయంగా తలూపింది. యాభై నాలుగేళ్ళ వయసులో ఆమెకు ఎవరైనా కొత్తగా ఒక పని నేర్పి చాలా కాలమైంది.

తరవాతి తొమ్మిది రోజులూ ఒకేలా గడిచాయి. పొద్దున్న లేచి గీత చూసుకోవడం, తగ్గితే గ్లాసుడు నీళ్ళు పోయడం, మేత వేయడం. ఆమె దగ్గరికి వస్తే చేపలు రెండూ గాజు వైపు ఈదుకొచ్చేవి. మేత కోసమేనని ఆమెకు తెలుసు. అయినా ఆ ఇంట్లో ఆమె అడుగుల చప్పుడుకి ఎవరైనా ఎదురు రావడం తొమ్మిదేళ్ళలో అదే మొదలు. సాయంత్రం ఆరింటికి తమ్ముడు నరసింగరావు బావ ఉప్పు కొట్టు కట్టేసి తాళాలు ఇవ్వడానికి వచ్చేవాడు. కాఫీ తాగి, "ఏటక్కా, బాగున్నావా?" అని అడిగి, జవాబు వినకుండానే చెప్పులేసుకునేవాడు. అతను వెళ్ళాక మళ్ళీ గాలి పంపు గుడగుడ ఒక్కటే.

పదో రోజు శుక్రవారం. పార్వతి శుక్రవారం ఇల్లంతా కడుగుతుంది. దేవుడి గది, వంటిల్లు, వసారా అయిపోయాక ఆమె చూపు తొట్టె మీద పడింది. రాళ్ళ మీద గోధుమరంగు పాచి పట్టి ఉంది. గాలి పంపుకి తగిలించిన స్పాంజి నల్లబడింది. ఆయన ఉండుంటే ఇలాగే ఉంచేవాడా అనిపించింది. రాళ్ళన్నీ ఒక్కొక్కటే తీసి, కుళాయి కింద పెట్టి కొబ్బరిపీచుతో తెల్లగా తోమింది. స్పాంజిని నీళ్ళు తేరేదాకా పిండింది. అన్నీ మళ్ళీ సర్దేసరికి తొట్టె కొత్తదానిలా మెరిసింది. ఆ రోజు ఆమె తృప్తిగా అన్నం తింది.

శనివారం పొద్దున్న చేపలు ఎదురు రాలేదు. రెండూ నీటి పైఅంచుకు చేరి నోళ్ళు తెరిచి మూస్తున్నాయి. చెంపలు గబగబా ఎగసిపడుతున్నాయి. సీసాలో చుక్కలు వేసింది. నీళ్ళు చిక్కటి ఆకుపచ్చకు తిరిగాయి.

పైడిరాజుకు ఫోన్ చేసింది. అతను రాజాంలో బంధువుల పెళ్ళిలో ఉన్నాడు. వెనక మేళం మోగుతోంది.

"అమ్మా, నిజం సెప్తన్నాను, నాకు మంచినీళ్ళ సేపలే బాగా తెలుసు. ఉప్పునీళ్ళ సంగతి అంతంత మాత్రమే. నౌపడలో ఆటిని ఎవరు సూసుకున్నారో ఆళ్ళనే అడగండి. బేగి అడగండి."

భర్త ఫోను ఆయన పోయినప్పటి నుంచి బీరువాలో ఉంది. దాన్ని ముట్టుకోవడానికి ఆమెకు ఇన్నాళ్ళూ ధైర్యం చాలలేదు. ఛార్జింగ్ పెట్టి తెరిచింది. చివరి నెలలన్నిటిలో ప్రతి శనివారం సాయంత్రం ఒకే పేరుకి కాల్ వెళ్ళింది. 'నౌపడ ఉప్పు.' పార్వతి ఆ పేరు నొక్కింది.

రెండోసారి మోగకముందే అవతల ఎత్తారు. మాట రాలేదు. చనిపోయిన మనిషి నంబరు నుంచి పిలుపొస్తే ఎవరికైనా ఏం మాటొస్తుంది?

"నేను జగన్నాధంగారి భార్యనండి," అంది పార్వతి. "మీరెవరో నాకు తెలీదు. ఆ చేపలకి ఊపిరాడతన్నట్టు లేదు. పైకొచ్చీసి నోళ్ళు తెరుస్తన్నాయి. ఏటి సెయ్యాలో కాస్త సెప్పండి."

అవతల ఊపిరి వినిపించింది. తరవాత ఓ ఆడగొంతు, మెల్లగా:

"రాళ్ళు కడిగీసినావేటమ్మా?"

పార్వతి నిలబడ్డచోటే కింద కూర్చుంది. తొమ్మిదేళ్ళ కిందట ఇదే ఇంట్లోంచి ఓ మధ్యాహ్నం కాలేజీ సంచితో వెళ్ళిపోయిన గొంతు అది. ప్రదీప్ అనే చేపలు పట్టే కుటుంబపు కుర్రాణ్ణి పెళ్ళి చేసుకున్నానని అన్నవరం నుంచి ఒక్క ఫోన్ చేసి, ఆ తరవాత ఈ ఇంటికి లేకుండా పోయిన కూతురు. ఝాన్సీ.

"కడిగీసినాను," అంది పార్వతి.

"ఏ నీళ్ళతోటి?"

"కుళాయి నీళ్ళు."

"స్పాంజి కూడానా?"

"పీచుపెట్టి తోమినాను."

"ఆ పాచిలో కంటికి కనిపించని జీవాలుంటాయమ్మా. చేపలు వొదిలిన విషాన్ని అవే తినీసి నీళ్ళు మంచిగా ఉంచుతాయి. అవి పెరగడానికి నెలా నెలన్నరా పడతాది. కుళాయి నీళ్ళలో మందుకి అన్నీ పోయుంటాయి. ఇప్పుడు చేపలు వాటి విషంలోనే ఊపిరి తీస్తన్నాయి. మేత వెయ్యకు. నేను సెప్పినట్టు సెయ్యి."

పార్వతి చేసింది. ఫోను భుజానికి చెవికి మధ్య నొక్కిపట్టి, బకెట్టులో ఫిల్టరు నీళ్ళు ఇరవై లీటర్లు పోసింది. లీటరుకి ముప్పై అయిదు గ్రాముల చొప్పున పేకెట్టు ఉప్పు తూచి కలిపింది. తొట్టెతోపాటు వచ్చిన రెండో గాలి పంపు అందులో వేసి, ఉప్పు పూర్తిగా కరిగేదాకా గంటన్నర ఆగింది. పైడిరాజు ఇచ్చిన తేలే గాజు గొట్టం వేసి ఉప్పు పాళ్ళు చూసింది. తొట్టెలోంచి మూడోవంతు నీళ్ళు తీసి, కొత్తవి సన్నటి ధారగా పోసింది. ఒకరినొకరు బాగున్నావా అని అడగలేదు. ఫోను పెట్టేసే ముందు ఝాన్సీ, "ఇది సాయంత్రం దాకానే ఆపుతాది. మా ఇంట్లో తొట్టె రాళ్ళు తీసుకుని బయల్దేరతన్నాను," అంది.

మధ్యాహ్నం మూడున్నరకి ఆటో ఆగింది. చేతిలో మూతపెట్టిన బకెట్టుతో ఝాన్సీ దిగింది. ఇరవై రెండేళ్ళప్పుడు వెళ్ళిన పిల్లకు ఇప్పుడు ముప్పై ఒకటి. చెంపల దగ్గర రెండు తెల్ల వెంట్రుకలు. రైల్లో బకెట్టులోని నీళ్ళు చిమ్మి చీర కుచ్చెళ్ళు తడిసి ఉన్నాయి. గుమ్మం ముందు ఆగిపోయి తల్లి పాదాల వైపు చూసింది.

"లోపలికి రావొచ్చా?"

"చేపలు లోపలున్నాయి," అంది పార్వతి.

ఝాన్సీ చెప్పులు వసారాలో విడిచి వచ్చింది. బకెట్టులోంచి గోధుమరంగు పాచి పట్టిన రాళ్ళను సముద్రపు నీళ్ళతో సహా జాగ్రత్తగా తీసి తొట్టెలో దింపింది. వాళ్ళింట్లో ఏడాదిగా నానిన స్పాంజిని ఇక్కడి స్పాంజి స్థానంలో తగిలించింది. చీర చెంగుతో చెయ్యి తుడుచుకునే ముందు వేళ్ళు విదిలించడం అచ్చం వాళ్ళ నాన్నదే. పార్వతి పక్కనే నిలబడి ఆ చేతులే చూస్తూ ఉంది. గంట గడిచేసరికి చేపలు ఒక అంగుళం కిందకి దిగాయి. చెంపల ఎగసిపాటు నెమ్మదించింది.

"బతుకుతాయా?" అంది పార్వతి.

"ఈ రెండు మూడు రోజులు రోజూ కొంచెం నీళ్ళు మారిస్తే బతుకుతాయి."

"నీకిదంతా ఎలగ తెలుసు?"

"ప్రదీప్ రొయ్యపిల్లల హేచరీలో పని సేస్తాడు. ఉప్పునీళ్ళతోనే మా బతుకు."

"నాన్నకి నేర్పింది నువ్వా?"

ఝాన్సీ తలూపింది. "నాలుగేళ్ళ కిందట ఓ ఆదివారం మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. మాది చేపలొండుకునే ఇల్లు కదా, లోపల కూర్చోలేకపోయాడు. మంచినీళ్ళు కూడా తాగలేదు. ఏటి మాటాడాలో ఆయనకీ తెలీదు, మాకూ తెలీదు. మా తొట్టె చూసి, 'ఇవి ఉప్పునీళ్ళలో ఎలగ బతుకుతాయి?' అని అడిగినాడు. అదే మొదటి మాట. తరవాత స్టేషను పక్కన గది తీసుకున్నాడు. తొట్టె అక్కడ పెట్టుకున్నాం. నెలన్నర ఒక్క చేప కూడా వెయ్యకుండా ఉత్త నీళ్ళకీ రాళ్ళకీ కాపలా కూర్చున్నాడు. ఆదివారం ఆదివారం నేను గదికి వెళ్ళేదాన్ని. నీళ్ళు మార్చుకునీవాళ్ళం. మాటలు తక్కువే."

"తక్కువైనా ఉండీవి," అంది పార్వతి.

ఆమె గొంతులో ఏదో మారింది. ఝాన్సీ తలెత్తింది.

"నాలుగేళ్ళు! రెండొందల ఆదివారాలు! పొద్దున్నే లేచి ఆయనకి ఉప్మా కట్టిచ్చీదాన్ని. ఉప్పు లోడు వస్తాది పార్వతీ, సాయంత్రానికి వచ్చీస్తానూ అనీవాడు. నేను తలుపేసుకుని ఒక్కర్తినీ కూర్చునీదాన్ని. నీ గాజులు ఆ బీరువాలోనే ఉన్నాయి. ఆదివారం ఆదివారం తీసి తుడిచి పెట్టీదాన్ని. నా పిల్ల ఎక్కడుందో, అన్నం తిన్నాదో లేదో, బతికుందో లేదో అని ఏడిచి, ఆయనొచ్చే టైముకి మొహం కడుక్కునీదాన్ని. మీరిద్దరూ అక్కడ చేపలకి మేతేసుకుంటూ కూర్చున్నారా? నేనేటి పాపం సేసినాను ఝాన్సీ?"

"నువ్వే కదమ్మా వద్దన్నావు."

"నేనెప్పుడు వద్దన్నాను?"

"నువ్వే కదా ఉత్తరం రాయించినావు!" ఝాన్సీ గొంతు కూడా పైకి లేచింది. "నాన్న పోయిన రోజు ఈ వీధి చివర ఆటోలో నాలుగు గంటలు కూర్చున్నాను. మావయ్యొచ్చి, 'మీ అమ్మ నిన్ను చూస్తే రెండో చావు జరుగుతాది, వెళ్ళిపో' అన్నాడు. నాన్న మొహం చూడకుండానే వెళ్ళిపోనాను. నీ మాట కోసమే వెళ్ళిపోనాను. ఇప్పుడు నేనేటి పాపం సేసినానని నువ్వడుగుతున్నావా?"

"ఏ ఉత్తరం?"

ఝాన్సీ హ్యాండ్‌బ్యాగులోంచి మడతల్లో చిరిగిపోతున్న గీతల కాగితం తీసింది. "మొదటిసారి వచ్చినప్పుడు నాన్న ఇది నా చేతిలో పెట్టినాడు. 'నిన్ను ఇంటికెందుకు తీసికెళ్ళలేనో చదువుకో తల్లీ' అన్నాడు. నీది నీకిచ్చీడానికి తెచ్చాను."

పార్వతి కళ్ళజోడు పెట్టుకుంది.

'ఏమండీ, నాకు చేతులు వణుకుతున్నాయి, తమ్ముడి చేత రాయిస్తున్నాను. ఆ పిల్ల మన గుమ్మం తొక్కిన రోజున నేను ప్రాణాలతో ఉండను. మీరు దాని పేరెత్తినా అంతే. ఈ ఉత్తరం సంగతి కూడా నాతో ఎప్పుడూ ఎత్తవద్దు.'

కింద బొబ్బిలి అని ఊరి పేరు, తొమ్మిదేళ్ళ కిందటి తేదీ. ఆ గుండ్రటి అక్షరాలు ఆమెకు బాగా తెలుసు.

ఝాన్సీ వెళ్ళిపోయిన వారానికే పార్వతి జ్వరంతో మంచం పట్టింది. అప్పట్లో బొబ్బిలిలో ఉండే నరసింగరావు ఆమెను తీసుకెళ్ళి రెండు నెలలు తనింట్లో ఉంచుకున్నాడు. కాస్త కోలుకున్నాక మంచం పక్కన కూర్చుని చెప్పాడు: 'అక్కా, బావ ఒట్టుపెట్టుకున్నాడు. ఝాన్సీ పేరు నీ నోట వింటే ఇల్లొదిలి పోతాడట. ఎప్పుడూ ఎత్తకు.' ఆమె ఎత్తలేదు. తొమ్మిదేళ్ళు ఎత్తలేదు.

"ఇది నేను చెప్పలేదు," అంది పార్వతి. "ఒక్క ముక్క నేను చెప్పలేదు. ఆయనే ఒట్టుపెట్టుకున్నాడని మీ మావయ్య నాతో అన్నాడు."

"నాన్నా? నాన్న ప్రతి ఆదివారం, 'మీ అమ్మ మనసు ఎప్పుడు కరుగుతాదో' అనీవాడమ్మా."

పార్వతి కాగితాన్ని ఒళ్ళో పెట్టుకుంది. ఆమెకు ఓ దీపావళి సాయంత్రం గుర్తొచ్చింది. వంటింట్లో ఆమె గారెలు వేస్తోంది. జగన్నాధం గుమ్మంలోకి వచ్చి చాలాసేపు నిలబడ్డాడు. "పార్వతీ" అన్నాడు. ఆమె తిరిగి చూసింది. ఆయన పెదాలు కదిలాయి. ఇప్పుడైనా పిల్ల పేరు ఎత్తుతాడేమోనని ఆమె గరిటె పట్టుకుని ఎదురుచూసింది. ఆయన కాసేపు ఆమె మొహంలోకి చూసి, "ఏటీ లేదు, కొంచెం అల్లం పచ్చడుంటే పెట్టు" అన్నాడు. ఆమె పెట్టింది. ఇద్దరూ ఒకే ఇంట్లో, ఒకరి ప్రాణానికి ఒకరు భయపడి, తొమ్మిదేళ్ళు నోరు మూసుకుని బతికారు. ఇప్పుడు చెబుదామంటే ఆయన లేడు.

ఆమె ఏడవలేదు. ఝాన్సీ ఏడ్చింది, చిన్నప్పటిలాగే చప్పుడు లేకుండా. పార్వతి చెయ్యి చాచి, ఎక్కడ పెట్టాలో తెలియక, కూతురి తడి కుచ్చెళ్ళ మీద పెట్టింది.

వసారా మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. ఆరు కావస్తోంది. ఝాన్సీ గభాల్న లేచి పెరటి వైపు నడవబోయింది. పార్వతి ఆమె మణికట్టు పట్టుకుంది.

"కూర్చో. ఇది నీ ఇల్లు."

నరసింగరావు తాళాల గుత్తితో లోపలికి వచ్చాడు. ముందు ఝాన్సీని చూశాడు. తరవాత అక్క చేతిలోని కాగితాన్ని చూశాడు. యాభై ఏళ్ళకు దగ్గరపడుతున్న మనిషి, తాళాల గుత్తిని గుమ్మం పక్కన గూట్లో పెట్టాడు. బుకాయిస్తాడని, కేకలేస్తాడని పార్వతి సిద్ధంగా ఉంది. అతను అవేవీ చేయలేదు.

"ఇది నువ్వేనా రాసింది?" అంది పార్వతి.

"నేనే రాసినానక్కా."

"నా నోట్లో లేని మాట నువ్వెందుకు రాసినావురా? నా మొగుడికీ నాకూ మధ్య, నా పిల్లకీ నాకూ మధ్య కూర్చోడానికి నువ్వెవడివి?"

"తప్పు నాదే. కాదన్ను," అన్నాడు నరసింగరావు. కుర్చీలో కూర్చోకుండా గుమ్మం పక్కనే నేల మీద కూర్చున్నాడు. "కానీ ఆ మాటలు నావి కావక్కా. నాకంత తెలివి లేదు. బొబ్బిలిలో నువ్వు జ్వరంతో పడుకున్నప్పుడు ఒకరు నా కొట్టుకొచ్చి, నా ఎదురుగా కూర్చుని, ఏటి రాయాలో ఒక్కొక్క ముక్కా సెప్పినారు. ఝాన్సీ మళ్ళా ఈ గడప తొక్కకుండా ఉండాలంటే ఇదొక్కటే దారన్నారు. అప్పుడు నా కోపంలో నాకూ అదే సరైందనిపించింది."

"ఎవరు?" అంది పార్వతి.

నరసింగరావు అక్క వైపు చూడలేదు. ఆమె వెనక నిలబడ్డ మేనకోడలి వైపు చూశాడు.

"నన్ను అడక్కు ఝాన్సీ," అన్నాడు. "ఇంటికెళ్ళి ప్రదీప్‌ని అడుగు."